ముప్ఫై ఎనిమిది నాటి రాలీ

ఆ ఎండాకాలం మా ఇంట్లో మనుషులకంటే ఎక్కువ మర్యాద ఒక సైకిలుకి దక్కింది. దానికి నీడపట్టున చోటు, తుడవడానికి మెత్తటి గుడ్డ, పూటపూటా పలకరింపు. పోర్టికో నడిమధ్య నిలబెట్టారు కాబట్టి, జూబ్లీ హిల్స్‌లోని మా ఇంటినుంచి ఫిలింనగర్‌లో నా ఎడిటింగ్ రూముకి బయల్దేరాలంటే కారు తీసేముందు రోజూ దాన్ని పక్కకి జరపాలి. వచ్చాక మళ్ళీ అక్కడే పెట్టాలి. పెట్టకపోతే మా నాన్న ఊరుకోరు.

నాన్న సూర్యప్రకాశరావుగారు సినిమాల్లో ఆర్ట్ డైరెక్టరు. పాతకాలం కథ అనగానే నిర్మాతలు ఆయన గుమ్మం తొక్కేవాళ్ళు. పని మానేశాక ఆయనకి పాత సైకిళ్ళ పిచ్చి పట్టుకుంది. ఆ పిచ్చి ఉన్నవాళ్ళంతా ఆదివారం పొద్దున్నే మా పోర్టికోలో చేరతారు. ఎవరో ఒకరు ఒక తుప్పుబండిని మోసుకొస్తారు. మిగతావాళ్ళు దాని చుట్టూ గొంతుక్కూర్చుని అది ఏ ఏడాదిలో పుట్టిందో తేలుస్తారు. "పెళ్ళిచూపుల్లో నన్ను కూడా ఇంత పరీక్షగా చూళ్ళేదు," అంటుంది మా అమ్మ జగదాంబ, వాళ్ళకి ఇడ్లీలు పెడుతూ.

వాళ్ళకో పద్ధతి ఉంది. బండి తెచ్చినవాళ్ళు నోరు మెదపకూడదు. మా తాతగారిదనీ, ఫలానా దొరగారిదనీ కథలు వింటే కళ్ళు మోసపోతాయట. ముందు బండి, తరవాత కథ. ఏడాది చెప్పేటప్పుడు అందరికంటే చిన్నవాళ్ళు మొదట చెప్పాలి, పెద్దవాళ్ళు చివర. పెద్దాయన ముందే తేల్చేస్తే చిన్నవాళ్ళు గంగిరెద్దుల్లా తలూపుతారని ఆ ఏర్పాటు. ఆఖరి మాట ఎప్పుడూ నాన్నదే. ఆయన చెప్పాక ఇంక దాని మీద మాట ఉండదు.

ఉగాది వెళ్ళిన ఆదివారం మధురానగర్ ఓంప్రకాష్ గారు ఆ బండిని ఆటో ట్రాలీలో వేసుకొచ్చారు. ఆయనకి టెంట్‌హౌసు ఉంది. ఊరూరా పెళ్ళిళ్ళకి షామియానాలు వేస్తూ, వేసిన ప్రతి ఊళ్ళో పాత సైకిళ్ళ ఆరా తీస్తారు. నేను కాఫీలు పట్టుకుని వెళ్ళేసరికి నలుగురూ బండి చుట్టూ ఉన్నారు. బంజారా హిల్స్‌లో పళ్ళ డాక్టరైన నవత, పేషెంట్ల నోట్లో పెట్టే చిన్న అద్దాన్ని ఫ్రేము కింద పెట్టి చూస్తోంది. రిటైరైన ఇంజనీరు సత్యనారాయణమూర్తిగారు కడ్డీ బ్రేకుల్ని నొక్కి వదులుతున్నారు. హ్యాండిలు ముందు కొంగ తల ఉన్న ఇత్తడి బిళ్ళ. ఇంగ్లండు రాలీ.

"నలభై ఏడు ప్రాంతం," అంది నవత.

"అంత కొత్తది కాదమ్మా. యుద్ధానికి ముందుదే. ముప్ఫై తొమ్మిది," అన్నారు మూర్తిగారు.

నాన్న ఒకసారి బండి చుట్టూ తిరిగారు. సీటు కింద చెక్కిన నంబరు మీద బొటనవేలు పెట్టి, కళ్ళు మూసుకుని, అంకెల్ని తడిమారు. "ముప్ఫై ఎనిమిది," అన్నారు. "వెనక చక్రం మీద అంకె కూడా అదే చెబుతోంది. కానీ చక్రాన్ని నేను నమ్మను. చక్రాలు మారతాయి. ఈ నంబరు మాత్రం పుట్టుమచ్చ."

ఓంప్రకాష్ గారి ముఖం వెలిగిపోయింది. "ఇగ నేను నోరు తెరవచ్చా సార్? సిద్దిపేట దిక్కు పాత ఇల్లొకటి కూలగొడ్తున్నరు. గాడ దొరికింది. ఎవలదో, ఎట్లొచ్చిందో ఆ ఇంటోళ్ళకే తెల్వదు. జూన్ల మన షో ఉన్నది గద, దీన్నే నడుమ పెడ్త. పక్కన కార్డు మీద మీ పేరు రాయిస్త, గీ ఏడాది సూర్యప్రకాశరావుగారు తేల్చిండ్రని. రావు సాబ్ మాటంటే ఇంక ఫికర్ లేదు."

"షో దాకా ఇక్కడే ఉంచండి. తీరిగ్గా చూసుకుంటాను," అన్నారు నాన్న.

నా చేతిలో ట్రే అలాగే ఉండిపోయింది. ఆ సైకిలు నాకు తెలుసు. ఎలా తెలుసో చటుక్కున అందలేదు. ముందు వెనిగర్ వాసన గుర్తొచ్చింది, ఆ వెనక మా గరాజు గుర్తొచ్చింది. నాకు తొమ్మిదేళ్ళప్పటి వేసవి సెలవులు. గరాజులో రెండు సైకిళ్ళు, చూడ్డానికి కవలపిల్లలు. ఒకటి ఎవరినో బతిమాలి తెచ్చిన అసలు సైకిలు. రెండోది డూపు. హీరో సైకిలుతో సహా కాలవలో పడే సీను ఉంది. మునిగేవీ, పగిలేవీ, తగలబడేవీ ఏవైనా సినిమావాళ్ళు రెండు చేయిస్తారు. ఆ రెండోదాన్ని ముసలిదాన్ని చెయ్యడానికి నాన్న ఉప్పునీళ్ళు, వెనిగరు, టీ డికాషను పట్టుకుని ఆ నెలంతా గరాజులోనే కాపురమున్నారు. దాని మీదెక్కి కూర్చున్నందుకు నా వీపు విమానం మోత మోగింది కూడా.

మరి పోర్టికోలో ఉన్నది ఏది? అసలుదా, డూపా? లేక ఈ రెండూ కాని మూడోదా? పాత రాలీలన్నీ నల్లగానే ఉంటాయి కదా.

వంటింట్లోకి వెళ్ళి అమ్మని అడిగాను. "అమ్మా, ఆ సైకిలు నాన్న చేసిన డూపులా లేదూ?"

అమ్మ చట్నీలో తాలింపు వేస్తోంది. వేసిన తాలింపునే గరిటెతో తిప్పుతూ ఉండిపోయింది. "మీ నాన్న చేతిమీదుగా వెళ్ళిన సైకిళ్ళు ఎన్నని గుర్తుపెట్టుకోనే? అయినా ఆయన చేసింది ఆయనకి తెలీదా? నువ్వు తేల్చేదేంటి?"

అక్కడే నాకు అసలు భయం పట్టుకుంది. నిజమే, ఆయన చేసింది ఆయనకి తెలియదా? తెలిసీ చెప్పకపోతే ఓంప్రకాష్ గారిని మోసం చేస్తున్నట్టు. తెలియకే చెప్పకపోతే... ఆ రెండో మాట పూర్తిగా అనుకోవడానికి కూడా నాకు ధైర్యం చాల్లేదు. మా నాన్న అబద్ధమాడుతూ ఉంటే బాగుండునని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. అలాంటి కూతురు ఇంకెక్కడా ఉండి ఉండదు.

ఆ రోజునుంచీ నేను మా ఇంట్లో గూఢచారినైపోయాను. నాన్న అన్న ప్రతి మాటనీ పట్టిపట్టి చూడ్డం మొదలుపెట్టాను. ఒకరోజు డ్రైవర్ని ఎప్పుడో మానేసిన పాత డ్రైవరు పేరుతో పిలిచారు. అది ఆయనకి చిన్నప్పట్నుంచీ ఉన్న అలవాటే, నన్ను మా మేనత్త పేరుతో పిలవడం కూడా మామూలే. ఇంకోరోజు కాఫీ తాగి అరగంట కాకుండానే కాఫీ అడిగారు. అదీ కొత్తేం కాదు. ఫోనులో ఎవరో పాత మేకప్‌మాన్ పలకరిస్తే, వాళ్ళావిడ మోకాళ్ళ నొప్పులతో సహా అన్నీ అడిగారు. ఒక పూట నా భయం పిచ్చిదనిపించేది, మరో పూట గుండె జారిపోయేది. కొత్తగా గమనించింది ఒక్కటే. నాన్న ఎవరితో మాట్లాడుతున్నా అమ్మ అక్కడే ఉంటోంది. ఆయన మాట ఎక్కడైనా ఆగితే, ఆగిందని ఎవరికీ తెలియకముందే తను అందుకుంటోంది. ఇదివరకు కూడా ఇలాగే చేసేదా? ముప్ఫై ఎనిమిదేళ్ళు ఒకే ఇంట్లో ఉండి నాకది తెలియలేదు.

ఎడిటర్ని కదా, తెర మీద చూస్తే తేలిపోతుందనుకున్నాను. ఒక మధ్యాహ్నం ఫిలింనగర్‌లో నా గదిలో కూర్చుని ఆ పాత పిక్చరు వేసుకున్నాను. సైకిలు ఉన్న ప్రతి షాటునీ ఆపి, వెనక్కి తిప్పి, పెద్దది చేసి చూశాను. హీరో బడికి వెళ్ళే సీన్లలో ఉన్నది అసలుది. కాలవలో పడేది డూపు. అలా ఉండాలని నాకు తెలుసు కాబట్టి తెలుసు గానీ, తెరమీద వెంట్రుకవాసి తేడా లేదు. నాన్న పని అంత బాగుంది. ఏ ఏడాది పిక్చరో చూసుకున్నాను, తొంభై ఆరు. అంతకుమించి తేలిందేమీ లేదు. తోక తెగిన కోతిలా ఇంటికొచ్చాను.

తేల్చింది నా కాలు. మే నెల చివర్లో ఒక పొద్దున ఎండ ముదరకముందే కారు తియ్యడానికి సైకిలుని జరుపుతూ, ఒకసారి తొక్కుదామనిపించింది. గేటు బయటికి నడిపించి, ఎడమ పెడల్ మీద పాదం పెట్టి, రెండడుగులు కుంటి ఎక్కబోయాను. పాదం కింద రబ్బరు గళ్ళు గరగరా తగిలాయి. కొత్త చెప్పు అడుగులా ఉన్నాయి. దిగి కుడి పెడల్ చూశాను. అది అరిగి నున్నగా తేలింది.

లోకంలో ఎవరైనా సైకిలు ఎడమవైపునుంచే ఎక్కుతారు. ఎడమ పెడల్ మీద ఒంటికాలి బరువంతా వేసి కుంటుతారు. అందుకని ముందు అరిగేది ఎడమదే. ఈ బండికి కుడిది అరిగింది. ఎడమది తరవాత మార్చారనుకోవడానికీ లేదు, రెండూ ఒకే జత. కుడిదాన్ని ఏ కాలూ అరగదియ్యలేదు, ఉప్పుకాగితం అరగదీసింది. ఎందుకంటే ఆ సీనులో కెమెరా కుడివైపు ఉంది. కెమెరాకి కనిపించనివైపు మీద కష్టపడటం సినిమాల్లో దండగ పని. మా సైకిలు సంఘంవాళ్ళూ ఎప్పుడూ చైను ఉన్న కుడివైపే ఇటు తిప్పి నిలబెడతారు, ఫొటోలూ అటువైపే తీస్తారు. కెమెరా చూసిన వైపే వీళ్ళూ చూశారు.

నాన్న పోర్టికో మెట్ల మీద నిలబడి నవ్వుతున్నారు. "పడతావే. పెద్ద బండి అది."

వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "నాన్నా, ఆ కాలవ సీను పిక్చర్లో సైకిలు ఎక్కడినుంచి తెచ్చారు?" అన్నాను.

"తెనాలి," అన్నారు వెంటనే. "సుబ్బరామయ్యగారని పోస్టుమాస్టరు చేసి రిటైరైన ఆయన. ఇవ్వనంటే ఇవ్వనన్నాడు. మూడుసార్లు వెళ్ళాను. మూడోసారి వాళ్ళావిడ జాలిపడి, ఇచ్చెయ్యండీ అబ్బాయి ఎండలో తిరుగుతున్నాడు అంది. షూటింగ్ అవగానే నేనే రైల్లో వేసుకెళ్ళి అప్పగించాను. ఒక్క గీత పడలేదు." ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. ఆ రోజు వాళ్ళింట్లో తిన్న గోంగూర పచ్చడి సంగతి కూడా చెప్పారు.

"మరి డూపు?"

"డూపు ఎందుకు? మనం డూపు వాడలేదే."

"కాలవలో పడేది..."

"అదే చెప్తున్నాను కదమ్మా. ఒక్క గీత పడలేదు."

తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి కాదు మా నాన్న. ఆ గొంతులో పట్టుదల లేదు. దాపరికం అంతకన్నా లేదు. లేనిదాన్ని లేదని చెప్పే మామూలు గొంతు. నేను కోరుకున్న అబద్ధం ఆ గొంతులో ఎక్కడా లేదు. ఏడుపొచ్చింది. ఆయన చూడకుండా లోపలికి వెళ్ళిపోయాను.

తలుపు వెనక అమ్మ నిలబడి ఉంది. నా భుజం పట్టుకుని పూజగదిలోకి తీసుకెళ్ళింది. "మీ నాన్నకి ఏ సంగతైనా మొదళ్ళు బాగానే గుర్తుంటున్నాయే. చివర్లూ ఉంటున్నాయి. మధ్యలోవే పోతున్నాయి," అంది. "దీపావళినుంచి చూస్తున్నాను."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే నువ్వు డాక్టరంటావు. డాక్టరు పేరు పెడతాడు. పేరు పెట్టేదాకా ఇంకా ఆయన ఆయనే కదా అనుకున్నాను." కొంగుతో ముఖం తుడుచుకుంది. "తప్పే. ఎల్లుండి తీసుకెళ్దాం పద."

తీసుకెళ్ళాం. డాక్టరు పేరు పెట్టాడు. మందులు రాశాడు. వెనక్కొచ్చేటప్పుడు కార్లో నాన్న దారిపొడవునా ఫ్లైఓవర్ల డిజైను ఎంత అసహ్యంగా ఉందో చెబుతూనే ఉన్నారు.

ఇంక మిగిలింది కార్డు. షోకి ఇంక రెండు వారాలు కూడా లేవు. ఫిలింనగర్‌లో హాలు మాట్లాడేశారు, ఊరంతా సైకిళ్ళ మనుషులు వస్తారు. వాళ్ళలో ఒక్కడు కిందికి వంగి ఎడమ పెడల్ చూస్తే చాలు, నాన్న పేరు నవ్వులపాలవుతుంది. చెబితే నాన్న మనసు, చెప్పకపోతే నాన్న పేరు. కక్కలేను, మింగలేను. ఓంప్రకాష్ గారికి ఫోను చేసి గుట్టుగా చెప్పేద్దామని నంబరు తీశాను.

అమ్మ ఆపింది. "చెప్తే ఆయన మంచివాడు కాబట్టి మారుమాట్లాడకుండా కార్డు మార్చేస్తాడు. షోలో మీ నాన్న కార్డు చూసి, నా ఏడాది ఎందుకు తీసేశారండీ అని నలుగురిలో అడుగుతారు. అప్పుడేం చెప్తావ్? నువ్వు చెబితే ఆయన నమ్మరు. బండిని చెప్పనీ. బండి చెబితే వింటారు."

షోకి ముందు ఆదివారం పొద్దున వాన పడింది. పోర్టికోలో నలుగురూ చేరారు. ఓంప్రకాష్ గారు బంగారు రంగు అక్షరాలతో కార్డు నమూనా తెచ్చారు. నేను వెళ్ళి ఓ మోడా లాక్కుని కూర్చున్నాను. "ఇవాళ నేనూ చెబుతాను. ఈ బండిని ఇంకోసారి చూద్దాం," అన్నాను.

నాన్నకి సరదా వేసింది. "చూద్దాం, చూద్దాం. నువ్వే చిన్నదానివి. మొదట నువ్వే చెప్పాలి."

"ఏడాది తరవాత చెబుతాను నాన్నా. ముందు పెడల్స్ చూడండి. రెండూ."

నవత అద్దం పట్టుకుని వంగింది. మూర్తిగారు కళ్ళజోడు సవరించుకున్నారు. ఎవరికీ ఏమీ తట్టలేదు. నాన్న మాత్రం సైకిలుని అటు తిప్పించి, నేల మీద కూర్చుని, ఎడమ పెడల్‌ని చేత్తో తిప్పి వదిలారు. కుడి పెడల్‌ని తిప్పి వదిలారు. ఆయన వీపు నిటారైంది. పాతకాలంలో సెట్టు మీద కేక వేసేముందు అలాగే నిటారయ్యేది.

"నేను తప్పు చెప్పానండీ," అన్నారు. "ఇది సినిమా బండి."

నాన్న ఆగలేదు. "కెమెరా ఇటువైపు ఉంది. అందుకని ఇటే అరగదీశాడు. ఇదిగో ఈ మరక చూడండి, వానకి పట్టిన తుప్పు కాదు, టీ డికాషను. ఇప్పుడీ నంబరు చూడండి. అంకెలు మరీ తిన్నగా ఉన్నాయి. ఫ్యాక్టరీలో కొట్టేవాడికి రోజుకి వందల బళ్ళు, ఇంత శ్రద్ధ వాడికెందుకుంటుంది? వీడు కూర్చుని ప్రేమగా కొట్టాడు. నేను దాన్నే పట్టుకుని పుట్టుమచ్చ అన్నాను." ఆయనకి సిగ్గుగా లేదు. దొంగ దొరికిన పోలీసు ఆనందం. "అబ్బ, నన్నే బోల్తా కొట్టించాడు. ఎవడో గానీ గొప్ప పనివాడండీ. ఎవరు చేశారో తెలిస్తే బాగుండును."

నవత నావైపు చూసింది. మూర్తిగారు కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. ఓంప్రకాష్ గారు కార్డుని మెల్లగా మడిచి జేబులో పెట్టుకున్నారు. గుమ్మంలో అమ్మ ఇడ్లీల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. ఈసారి ఆమె మాట అందుకోలేదు.

"మీరే నాన్నా," అన్నాను.

నాన్న నవ్వబోయి ఆగారు. మేమేమైనా ఆట పట్టిస్తున్నామేమోనని ఒక్కొక్కరి ముఖంలోకీ చూశారు. ఎవరూ నవ్వడం లేదు. ఆయన ముఖంలో ఒక్క క్షణం, దారి తప్పిన పిల్లాడి బెదురు కనిపించింది. అప్పుడు అమ్మవైపు తిరిగారు. "నిజమేనా?"

"నిజమేనండీ. నా టీపొడంతా దీనికే పోశారు. చుట్టాలొస్తే మజ్జిగ ఇచ్చి పంపాను," అంది అమ్మ.

నాన్న మళ్ళీ సైకిలుని చూశారు. సీటు కింద అంకెల మీద బొటనవేలు పెట్టారు. చాలాసేపు తీయలేదు. "నేనా," అన్నారు. "బానే చేశానే."

"బానే ఏంది సార్," అన్నారు ఓంప్రకాష్ గారు, నేల మీద ఆయన పక్కనే చతికిలబడి. "గింత పెద్ద రావు సాబ్‌నే ఆగం జేసిండంటే ఆ జేసినోడు మామూలోడా? షోల నడుమ ఇదే ఉంటది. కార్డు కొత్తది రాయిస్త. మీరు జేసిండ్రనే రాయిస్త. ఏడాది ఒక్కటి జెప్పుండ్రి."

ఏడాది అనగానే అందరూ అలవాటు కొద్దీ నాన్నవైపు తిరిగారు. ఆఖరి మాట ఆయనదే కదా. ఆయన బొటనవేలు ఇంకా అంకెల మీదే ఉంది. కళ్ళు మూసుకున్నారు. వాన వెలిసి చూరునీళ్ళు కారుతున్నాయి. ఎవరూ తొందరపెట్టలేదు.

కళ్ళు తెరిచి నావైపు వంగారు. నాకు మాత్రమే వినపడేలా, "ఎప్పుడమ్మా?" అన్నారు.

"తొంభై ఆరు నాన్నా," అన్నాను చెవిలో.

నాన్న లేచి నిలబడ్డారు. పంచె దులుపుకున్నారు. "తొంభై ఆరు," అన్నారు అందరితో, మళ్ళీ మాటకి చోటివ్వని ఆ పాత గొంతుతోనే.